పొట్ట నిండినా మెదడుకు ఆకలే: రొయ్యల గుంట కాడ ఒక రాత్రి మాట

ఈ ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడతా. ప్రశ్న నాది కాదు. మైపాడు రోడ్డు మీద ఇందుకూరుపేట దాటాక రెండు పక్కలా రొయ్యల గుంటలే కదా, అక్కడ రాత్రి కాపలా చేసే ఒక అబ్బాయిది. పంతొమ్మిదేళ్లు. ఇంటర్ అయిపోయింది, కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు. రాత్రి ఏరియేటర్లు ఆగిపోకుండా చూసుకోవడం, తెల్లారి ఇంటికెళ్లి పడుకోవడం. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను.

అతను అడిగింది ఇదీ: "అన్నా, పేజీ చివరికొచ్చేసరికి మొదట్లో ఏం చదివానో గుర్తుండట్లేదు. ఏడాదిన్నరలో పద్నాలుగు కేజీలు పెరిగినా. ఇంట్లో మొద్దు అంటుండారు. ఒంటికి పట్టినట్టే మెదడుకి కూడా కొవ్వు పట్టేసిందా ఏందన్నా?"

నవ్వుతూ అడిగాడు. కానీ నవ్వు కోసం అడగలేదని అర్థమైంది.

ముందు ఆ చివరి మాట తీసుకుందాం. మెదడుకు కొవ్వు పట్టడం కాదు, మెదడే కొవ్వు. నీళ్లు తీసేసి చూస్తే అందులో సగానికి పైన కొవ్వు పదార్థమే. నరాల చుట్టూ ఉండే తొడుగు, కణాల గోడలు అన్నీ దాంతోనే తయారవుతాయి. అయితే ఏ కొవ్వు అన్నది ముఖ్యం. మెదడు ఎక్కువగా వాడుకునే వాటిలో డీహెచ్ఏ అనే ఒమేగా-3 ఒకటి. మన శరీరం దాన్ని తయారుచేసుకునేది చాలా తక్కువ, తిండిలోంచి రావాల్సిందే. ఎక్కువగా దొరికేది సముద్రపు చేపల్లో. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇంకో సంగతి. మెదడు బరువు 1.3, 1.4 కేజీలు. అంటే ఒంటి బరువులో 2 శాతం. కానీ మనం తినే శక్తిలో ఇంచుమించు 20 శాతం అదే కాల్చేస్తుంది. పడుకున్నా ఆగదు, మన ఏరియేటర్ లాగా. అంత తినే అవయవానికి మనం ఏం పెడుతున్నాం అనేది ఈ రోజు విషయం.

ఆ అబ్బాయిని అడిగా, రాత్రి ఏం తింటావని. తొమ్మిదింటికి ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం, పులుసు లేదా పచ్చడి. పన్నెండుకు నూడుల్స్ ప్యాకెట్. రెండింటికి నిద్రొస్తుంటే కూల్‌డ్రింక్, చిప్స్. నాలుగింటికి టీ, బిస్కెట్లు. పగలు మధ్యాహ్నం లేచి మళ్లీ అన్నం.

మాట్లాడుతుండగానే అతను లేచి వెళ్లి చెక్ ట్రే పైకి లాగి చూశాడు. గుంటల గురించి తెలియని వాళ్లకు చెప్తా. రొయ్య ఎంత తింటోందో తెలుసుకోవడానికి ఒక జల్లెడ లాంటి ట్రేలో కొంచెం మేత వేసి నీళ్లలోకి దించుతారు. కాసేపయ్యాక తీసి, మిగిలిందా అయిపోయిందా చూసి తర్వాతి పూట మేత పెంచడమో తగ్గించడమో చేస్తారు. మేత ఎక్కువైతే అడుగున కుళ్లి నీళ్లు పాడవుతాయి, తక్కువైతే కౌంట్ రాదు. మేత సంచి మీద ప్రోటీన్ ఎంత, కొవ్వు ఎంత, పీచు ఎంత అని ముద్రించి ఉంటుంది. ఆ అబ్బాయి అవన్నీ చూడకుండా చెప్పాడు. ప్రోటీన్ 35 శాతం దగ్గర ఉండాలన్నా, లేకపోతే సైజు రాదు అన్నాడు.

సరే, నీ నూడుల్స్ ప్యాకెట్లో ఎంత ప్రోటీన్ ఉందిరా అన్నా. వెనక్కి తిప్పి చూశాడు. జీవితంలో మొదటిసారి చూసుంటాడు.

ఇంకా అసలు విషయం చెప్పలేదు. ఆ రొయ్యల మేతలో చేపపొడి కలుపుతారు. చేపపొడిని ఎక్కువగా కవళ్లలాంటి చిన్న సముద్రపు చేపల్ని ఎండబెట్టి, పొడికొట్టి తయారుచేస్తారు. ఎందుకంటే రొయ్య ఎదగాలంటే దానికీ ఆ ఒమేగా కొవ్వులు కావాలి. అంటే మన సముద్రంలోని కవళ్లు మేతగా రొయ్యకు పోతున్నాయి, రొయ్య ఐస్‌ పెట్టెల్లో అమెరికాకు పోతోంది, మధ్యలో రాత్రంతా కాపలా ఉన్న పిల్లాడు మైదా నూడుల్స్ తింటున్నాడు. దేశంలో చెరువుల్లో పెంచే రొయ్యల్లో అతి పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే. నేను రొయ్యల సాగుకు వ్యతిరేకం కాదు, మా ఇళ్లలో సగం దానిమీదే బతుకుతున్నాయి. కానీ ఆ రాత్రి గుంట గట్టు మీద కూర్చుని లెక్క వేసుకుంటే, మా ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

ఇప్పుడు ఊబకాయం సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 లెక్క ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36.3 శాతం మంది, మగవాళ్లలో 31.1 శాతం మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద ఆడవాళ్లలో ఇది 24 శాతమే. అదే సర్వేలో, అదే వయసు మన రాష్ట్రం ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. కలిపితే 95 శాతం దాకా వస్తోంది. వీళ్లు వేరు, వాళ్లు వేరు అనుకోవడం కష్టం. లావుగా ఉన్న మనిషికే రక్తం తక్కువ ఉండొచ్చు. పైగా ఒంట్లో కొవ్వు పెరిగితే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, తిన్న ఐరన్‌ని కూడా పేగు సరిగా లోపలికి తీసుకోనివ్వదు. ఐరన్ తక్కువైతే ఏకాగ్రతకి కూడా దెబ్బ తగులుతుంది. లావుగా ఉన్నావు కదా, నీకేం తక్కువ అని మనవాళ్లు అంటారు చూడండి, అది తప్పు. చాలా తక్కువ ఉండొచ్చు.

ఇది కొత్త కథ కూడా కాదు. మన కోస్తాకి ఇది ముందే ఒకసారి జరిగింది. వందేళ్ల క్రితం ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మనకు పైనున్న కోస్తాలో, బెరిబెరి అనే జబ్బు ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కేవి, నరాలు చచ్చుబడేవి, గుండె వాచేది. వాళ్లు తిండి లేక మాడినవాళ్లు కాదు, కడుపు నిండా అన్నం తిన్నవాళ్లే. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినడమే కారణం. బియ్యం పై పొరలో ఉండే బీ1 విటమిన్ తవుడుతో పాటు పోయింది. తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తినేవాళ్లకి ఇది అంతగా రాలేదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి దిగుతుంది, తర్వాత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే ఒక్క గదిలో ఈ బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కి మారింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టుకుంది. ఇప్పుడు తార్నాకలో ఉన్నది అదే. అంత పెద్ద సంస్థ పుట్టింది అన్నంతో పొట్ట నిండి, నరాలు ఎండిపోయిన మనుషుల వల్ల.

బీ1 ఎందుకంటే, మెదడు గ్లూకోజ్‌ని కాల్చుకోవాలంటే అది కావాలి. పిండిపదార్థం ఎంత ఎక్కువ తింటే అది అంత ఎక్కువ కావాలి. బియ్యం మూడుసార్లు గట్టిగా పిసికి కడిగి, గంజి వార్చి పారబోస్తే మిగిలిన కాస్త బీ1 కూడా తూములోకే. మా అమ్మమ్మ గంజిలో ఉప్పేసి తాగేది, మేం వెక్కిరించేవాళ్లం. సరే వదిలేయండి.

ఇప్పుడు మెదడు వైపు నుంచి చూద్దాం. ఆకలి పొట్టలో పుడుతుందనుకుంటాం. దాన్ని నడిపేది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే చిన్న భాగం. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ని కనిపెట్టింది. ఇది కొవ్వు కణాల్లోంచి బయల్దేరి మెదడుకు వెళ్లి, నిల్వ ఉంది, ఇక చాలు అని చెప్తుంది. మరి లావుగా ఉన్నవాళ్లలో కొవ్వు ఎక్కువ, లెప్టిన్ కూడా ఎక్కువే ఉంటుంది. అలాంటప్పుడు ఆకలి తగ్గాలి కదా? తగ్గదు. కబురు వస్తూనే ఉంటుంది, మెదడే వినడం మానేస్తుంది.

బోటు ఇంజన్ అనుకోండి. ట్యాంకు నిండా డీజిల్ ఉంది, గేజ్ మాత్రం ఖాళీ అని చూపిస్తోంది. సరంగు ఏం చేస్తాడు? ఇంకో డ్రమ్ము పోస్తాడు. తప్పు సరంగుది అంటారా? ఒళ్లు తగ్గించుకో, నోరు కట్టుకో, నీకు పట్టుదల లేదు అని తిట్టేవాళ్లంతా సరంగునే తిడుతున్నారు. అందుకే ఒక్కసారిగా కడుపు మాడ్చుకుని పది రోజుల్లో ఐదు కేజీలు తగ్గితే, లెప్టిన్ ధబేల్న పడిపోయి మెదడు ప్రమాదం ప్రమాదం అని గంట కొడుతుంది. పదకొండో రోజు ఏమవుతుందో మీలో చాలామందికి తెలుసు.

గేజ్ పాడవడానికి ఎంత కాలం పడుతుంది? జర్మనీలో ట్యూబింగెన్ పరిశోధకులు 2025లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఊబకాయం లేని ఆరోగ్యవంతులైన మగవాళ్లకి ఐదు రోజులు మామూలు తిండికి తోడు చిప్స్, చాక్లెట్ల లాంటివి అదనంగా పెట్టారు. బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ లివర్‌లో కొవ్వు పెరిగింది. మళ్లీ మామూలు తిండికి వచ్చిన వారం తర్వాత చూస్తే, జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఇన్సులిన్‌కి స్పందన తగ్గి ఉంది. ఐదు రోజులు! అద్దంలో ఏమీ కనపడకముందే లోపల మార్పు మొదలైంది. కొద్దిమంది మీద చేసిందే, ఇంకా పెద్ద అధ్యయనాలు రావాలి. అయినా పరీక్షలకు ముందు వారం హాస్టల్ గదుల్లో ఎన్ని ప్యాకెట్లు ఖాళీ అవుతాయో తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరించింది.

ఇంకోటి 2019లో అమెరికాలో కెవిన్ హాల్ చేసింది. 20 మందిని నాలుగు వారాలు ఒకేచోట ఉంచి, రెండు వారాలు ప్యాకెట్ తిండి, రెండు వారాలు వండిన తిండి పెట్టాడు. ముందు పెట్టిన భోజనంలో కేలరీలు, చక్కెర, ఉప్పు, కొవ్వు, పీచు రెండింటిలోనూ సమానంగా ఉండేలా చూశాడు. ఎంత కావాలంటే అంత తినమన్నాడు. ప్యాకెట్ తిండి వారాల్లో జనం రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, ఇంచుమించు కేజీ పెరిగారు. వండిన తిండి వారాల్లో అంతే తగ్గారు. మనుషులు వాళ్లే, పట్టుదల అదే. మారింది తిండి ఒక్కటే.

ఒక జాగ్రత్త చెప్పాలి. లావుగా ఉంటే తెలివి తక్కువ అని ఎవరైనా అంటే నమ్మకండి. 2020లో అమెరికాలో తొమ్మిది, పదేళ్ల పిల్లలు మూడు వేల మందికి పైగా మెదడు స్కాన్లు చూసిన అధ్యయనం ఒకటి వచ్చింది. బరువు ఎక్కువున్న పిల్లల్లో మెదడు పై పొర కొంచెం పలచగా, మనసును అదుపులో పెట్టుకునే పనుల్లో స్కోరు కొంచెం తక్కువగా ఉంది. కొంచెమే. ఏది ముందు, ఏది వెనక అన్నది అందులో తేలలేదు. నిద్ర, ఇంట్లో డబ్బు, దిగులు, స్కూల్లో వెక్కిరింపు, అన్నీ కలిసి ఉంటాయి. మొద్దు అని పిలిపించుకునే పిల్లాడికి చదువు ఎక్కకపోతే, అందులో కొవ్వు వాటా ఎంత, ఆ పిలుపు వాటా ఎంత? నన్నడిగితే ఆ పిలుపు ముందు మానేయాలి.

అలాగే సన్నగా ఉన్నవాళ్లు వీడియో ఆపేయకండి, మీకూ ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యూడ్‌కిన్ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఆయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మనాయన ఒంట్లో 21.2 శాతం. చొక్కా వేసుకుంటే ఇద్దరూ ఒక్కటే. మన భారతీయులకి కొవ్వు పొట్టలో, లోపల చేరుతుంది. అందుకే మనకి బీఎంఐ 23 దాటితేనే జాగ్రత్త పడమంటారు. బరువు మిషన్ కంటే టైలర్ టేపు మేలు: నడుము చుట్టుకొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. ఇప్పుడే లేచి కొలుచుకోండి, నేనుంటా.

సరే, ఏం తినాలి? ఇక్కడ నాకు మన తీరం మీద కోపమూ, ప్రేమా రెండూ ఉన్నాయి. నెల్లూరు చేపల పులుసు అని ఊరూరా బోర్డులు పెట్టుకున్నాం. బొమ్మిడాయిలు, కొరమేను, వంజరం, చందువ. ఇవే చేపలన్నట్టు, మిగతావి పేదోళ్ల చేపలన్నట్టు. కానీ ఒమేగా-3 లెక్కలో కవళ్లు, కానాగంతలు చాలా ఖరీదైన చేపల్ని దాటేస్తాయి. నెత్తళ్లు ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా వస్తుంది. వారానికి రెండుసార్లు చాలు. నూనెలో ముంచి కరకరలాడేలా వేయించొద్దు, పులుసు పెట్టండి. మామిడికాయ వేసిన కవళ్ల పులుసు మరుసటి రోజు ఎట్టా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, అప్పుడు ఎండు చేపలు తింటాం. బాగా నానబెట్టి, కడిగి ఉప్పు పోగొట్టి వండుకోండి, ఇంట్లో బీపీ ఉన్నవాళ్లకి మాత్రం వద్దు. ఇంకో మాట, చేప తింటే ర్యాంకు రాదు. ఒమేగా మాత్రలు మింగిస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్లల తెలివి పెరుగుతుందని గట్టిగా తేలలేదు కూడా. లోటు ఉంటే అది తీరుతుంది, అంతవరకే.

చేప తినని ఇళ్లలో గుడ్డు, పాలు, పెరుగు. బీ12 వీటిల్లోనే ఉంటుంది, ఆకుకూరల్లో ఉండదు. అది తక్కువైతే తిమ్మిర్లు, మతిమరుపు వస్తాయి. అవిసె గింజల పొడి, ఉడకబెట్టిన చెనక్కాయలు, పప్పు, మునగాకు. ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే పట్టదు, గంటైనా ఆగండి. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పిందేంటంటే, మన శక్తిలో బియ్యం, గోధుమల వాటా 45 శాతం దాటకూడదు. పప్పు, గుడ్డు, మాంసం, చేప కలిపి 14 శాతం దాకా రావాలి, మనకి 6 నుంచి 9 శాతమే వస్తోంది. బడిపిల్లలకి మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగిజావ పెడుతున్నారు కదా, అది ఊరికే కాదు. బడి దాటి ఇంటర్‌కి రాగానే చాలామందికి ఆ గుడ్డు పోయి పఫ్ వస్తుంది. మెదడు మాత్రం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది.

కూల్‌డ్రింక్ గురించి ఒక్క మాట. 300 మిల్లీలీటర్ల సీసాలో ఏడెనిమిది చెంచాల చక్కెర. రోజు మొత్తానికి ఉండాల్సిన దానికంటే ఎక్కువ అక్కడే అయిపోతుంది.

ఆ అబ్బాయి ఇవన్నీ విని అడిగాడు, "మరి నిద్ర సంగతేందన్నా?"

కష్టమైన ప్రశ్న. 2004లో షికాగోలో 12 మంది కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వాళ్లకి తినాలనిపించింది కూడా తీపి, ఉప్పు, పిండి. రాత్రి రెండింటికి చిప్స్ మీదికి చెయ్యి పోవడం నీ బలహీనత కాదురా, నీ హార్మోన్లు అన్నా. చదివింది మెదడులో కుదురుకునేది కూడా నిద్రలోనే. నైట్ డ్యూటీ మానేయమని చెప్పే హక్కు నాకు లేదు, ఆ జీతంతో ఇల్లు నడుస్తోంది. పగలు కిటికీకి దుప్పటి కట్టి, ఫోన్ వేరే గదిలో పెట్టి, ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకేసారి ఆరేడు గంటలు పడుకోమన్నా. గట్టిగా గురక పెడుతున్నావేమో ఇంట్లో అడుగు అన్నా. లావుగా ఉన్నవాళ్లలో నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే మెదడుకు ఆక్సిజన్ తగ్గుతుంది, ఎంత పడుకున్నా మబ్బుగానే ఉంటుంది. దానికి వైద్యం ఉంది. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించుకోమన్నా. మతిమరుపు అనగానే అన్నీ తిండి మీదకే తోసేయకూడదు.

తెల్లారుతుంటే మళ్లీ చెక్ ట్రే లాగి చూసి, ఫోన్‌లో ఏదో రాసుకున్నాడు. మేత లెక్క అనుకున్నా. చూస్తే రాత్రి తను తిన్నవి రాసుకుంటున్నాడు.

పది రోజుల తర్వాత తన రాత్రి డబ్బా ఫొటో పంపించాడు. గంజి వార్చని అన్నం కొంచెం, కవళ్ల పులుసు, తోటకూర, ఒక ఉడకబెట్టిన గుడ్డు. వాళ్లమ్మ కవళ్లు చూసి, "ఇవి మేతకి పోయేవి కదరా" అందట. ఫొటోలో మూలన బిస్కెట్ ప్యాకెట్ కూడా సగం కనిపిస్తోంది. ఉండనీలే అన్నా.

రక్తపరీక్ష ఇంకా చేయించుకోలేదు. సోమవారం వెళ్తానన్నాడు. వెళ్లాడో లేదో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. ఉంటా మరి.